గూడబాతుకు స్టాండు వేశారు, ఇప్పచెట్టుకు ఏం వేస్తారు?

(కామవరపుకోటలో యువతతో మాట్లాడిన మాటలు)



మనం కూర్చున్న ఈ కామవరపుకోట నుంచి కిందికి పోతే ఏలూరు, ఆ కింద కొల్లేరు. పైకి పోతే జంగారెడ్డిగూడెం, అది దాటితే మన ఏజెన్సీ. కొల్లేటి పక్షి గూడబాతు, పెలికాన్ అంటారే, అది. మన చెట్టు ఇప్ప. పక్షికీ చెట్టుకీ పోలికేంటని నవ్వకండి. రెండిటికీ ఉన్నచోటు పోయింది. తర్వాత ఏం జరిగిందో చూడండి.

1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షుల పరిశోధకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో ఈ పక్షుల గూళ్ళు చూశాడు. తర్వాత అవి అక్కణ్ణుంచి వెళ్ళిపోయాయి. చాలా ఏళ్ళకు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూళ్ళు పెట్టాయి. చెట్లు చాలకపోతే అటవీ శాఖ నీళ్ళలో ఇనప స్టాండ్లు పాతింది. పక్షి ఒప్పుకుంది! 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మంచిదే. (లంక ఊళ్ళవాళ్ళ బతుకులు ఎంత నలిగాయో ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

ఇప్పకు రెక్కల్లేవు. నాటితే పూతకు రావడానికే ఏళ్ళు పడుతుంది. తాత చూసుకున్న చెట్టు కింద మనవరాలు ఏరుతుంది. ఇప్పపువ్వు మనం కొయ్యం, ఏరతాం. ఎండాకాలం మొదట్లో తెల్లారకముందే బుట్ట పట్టుకుని పోవాలి, లేటయితే పశువులు తినేస్తాయి. పువ్వు ఎండబెట్టి దాచుకుంటాం, గింజ నుంచి నూనె తీస్తాం. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం లేదు.

పోలవరం ముంపు ఊళ్ళ నుంచి కోయ, కొండరెడ్డి కుటుంబాలను కాలనీలకు తెచ్చారు. ఇల్లు లెక్కేశారు, పట్టా భూమి లెక్కేశారు. అడవిలోని ఇప్పచెట్టు ఏ లెక్కలో ఉంది?

చట్టంలో దారుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మనదే అంటోంది. 2013 భూసేకరణ చట్టం 42వ సెక్షన్, ఖరారైన సామూహిక హక్కులకు డబ్బులో విలువ కట్టి, నిర్వాసితుడికి అతని వాటా ఇవ్వాలంటోంది. ‘ఖరారైన’ అన్న మాట దగ్గరే మనం దెబ్బతింటున్నాం. క్లెయిమే పెట్టకపోతే ఏం ఖరారవుతుంది?

కాబట్టి ఇంకా ఖాళీ చెయ్యని ఊళ్ళ పిల్లలు ఈ పని చెయ్యాలి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని అడవిలోకి పోండి. ఏ చెట్టు ఎవరిదో, ఎన్ని తరాలుగా ఏరుతున్నారో రాయండి. గ్రామసభ పెట్టించండి, తీర్మానం రాయించండి. సామూహిక హక్కులకు ఫారం-బి. ఇచ్చాక రసీదు తీసుకోకుండా కదలొద్దు.