చాలా దూరము తిరిగిన బండిని కొనునపుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములో ఒకరు పొలము కొనినను, ఎడ్లు కొనినను, తెలిసిన పెద్దలను వెంటబెట్టుకొని పోవుట మన ఆచారము. పళ్లు చూచి ఎద్దు వయస్సును, నడక చూచి దాని కుంటును చెప్పగలవారు మన గ్రామములలో ఉన్నారు. నేడు బొలెరో, స్కార్పియో వంటి ఎస్‌.యు.వి. బండ్లు గ్రామములకు వచ్చుచున్నవి. వానిలో లక్ష, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి చేతులు మారినవియు కలవు. కొనువారు మిమ్ములను తోడు రమ్మందురు. బేరమునకు సాక్షులుగా నిలువుమందురు. పంట సొమ్మో, అప్పు తెచ్చిన సొమ్మో మీ మాటను నమ్మి చెల్లింతురు. కావున అట్టి బండిని పరీక్షించు విధమును మీ ముందుంచుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసినది ఒకటి కలదు. ఎక్కువ దూరము తిరుగుటయే బండికి దోషము కాదు. వేళకు ఆయిలు మార్పించుకొనుచు మంచి రహదారిపై లక్షన్నర కిలోమీటర్లు నడచిన బండి, సంరక్షణ లేక గతుకుల దారిలో అరువది వేలు నడచిన బండి కంటె మేలైనది కావచ్చును. కనుక మీటరుపై అంకెను గాక, ఆ అంకెకు గల ఋజువును చూడవలెను. మీటరును వెనుకకు త్రిప్పు మోసగాండ్రు కలరు. సర్వీసు బిల్లులపై తేదీతో పాటు కిలోమీటర్లు వ్రాయబడి యుండును. అవి వరుసగా పెరుగుచు వచ్చినవేమో చూడుడు. మీటరు నలుబది వేలు చూపుచుండగా బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి, డ్రైవరు సీటు కుంగి యుండిన యెడల ఆ అంకెను నమ్మరాదు. టైరు ప్రక్కన నాలుగు అంకెల గుర్తు ఉండును. 2319 అని యున్నచో, ఆ టైరు 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. టైర్లు ఒక ప్రక్కనే అరిగి యుండిన, చక్రముల అమరికలోనో, చట్రములోనో లోపము ఉండవచ్చును.

ఇంజనును చల్లగా ఉన్నపుడే పరీక్షింపవలెను. తాము వచ్చువరకు స్టార్టు చేయవలదని అమ్మువారికి ముందుగనే చెప్పి, వెళ్లగనే బానెట్టుపై చేయి ఉంచి చూడుడు. వేడిగా ఉన్నచో మరియొక దినము ఉదయమున రండు. స్టార్టు చేసిన పిదప పొగ రంగును గమనింపుడు. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. ఎంతసేపటికిని ఆగని తెల్లపొగ, రేడియేటరు నీరు సిలిండరులోనికి పోవుచున్నదనియో, డీజిలు సరిగా మండుట లేదనియో తెలుపును. నల్లపొగ దట్టముగా వచ్చిన, ఇంజెక్టర్లను, ఎయిర్ ఫిల్టరును, టర్బోను చూపింపవలెను. ఆయిలు పాలు కలిసినట్లు తెల్లబడి యుండిన, అందు నీరు చేరినదని తెలియవలెను. ఇంజను వేడిగా ఉన్నపుడు రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు.

2020 ఏప్రిలు నుండి అమలైన బి.ఎస్. 6 నిబంధనల ననుసరించి తయారైన డీజిలు బండ్లలో పొగగొట్టమునకు మసిని పట్టు వడపోత ఉండును. ఎల్లపుడును దగ్గరి దూరములే తిరిగిన బండిలో అది పూడుకొనవచ్చును. మార్పించుటకు పెద్ద ఖర్చగును. తాళము త్రిప్పగనే హెచ్చరిక దీపములు వెలిగి, ఇంజను నడచిన పిదప ఆరిపోవలెను. అసలే వెలుగని యెడల వానిని కావలెననియే తొలగించినారేమో విచారింపుడు.

బొలెరో, స్కార్పియోలకు నిచ్చెన వంటి ఇనుప చట్రము ఆధారము. బండిని లిఫ్టుపైకి ఎత్తించి, దీపము వేసి, చట్రమును ఆ కొస నుండి ఈ కొస వరకు చూడుడు. వంపు గాని, క్రొత్త వెల్డింగు గాని, పొరలుగా రాలు తుప్పు గాని కనిపించిన, ఎంత చవుకయైనను కొనరాదు. సముద్రతీర ప్రాంతపు బండ్లకు ఈ పరీక్ష మరింత అవసరము. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో అనేక వాహనములు నీట మునిగినవి. అట్లు మునిగిన బండిని పైకి ఎంత శుభ్రపరచినను, సీట్ల క్రింది బోల్టులపై తుప్పు, తివాచీ క్రింద ఒండ్రు, మూసిన బండిలో ముక్కవాసన మిగులవచ్చును.

పిదప బండిని స్వయముగా నడిపి చూడవలెను. హ్యాండు బ్రేకు వేసి, మూడవ గేరులో క్లచ్చును మెల్లగా వదలిన, ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచుండిన క్లచ్చు అరిగినది. బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు. కదలునపుడు క్రింద టకటక మని చప్పుడైన, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లు అరిగి యుండవచ్చును. ఈ పరీక్షలకు అమ్మువారి మెకానిక్కును గాక, మీకు నమ్మకమైన వానిని తీసికొని పొండు. అతడు చెప్పిన మరమ్మతుల ఖర్చును వెలలో తగ్గించి బేరమాడుడు.

ఇక కాగితములు. రిజిస్ట్రేషను పత్రముపై ఉన్న చట్రపు నంబరును, ఇంజను నంబరును బండిపై చెక్కిన నంబర్లతో అక్షరమక్షరము పోల్చవలెను. ఎంపరివాహన్ యాపులో నంబరు కొట్టి, బీమా గడువును, అప్పు తనఖాను, చెల్లింపని చలాన్లను చూడుడు. తనఖా ఉన్నచో అప్పిచ్చిన వారి నిరభ్యంతర పత్రమును, 35వ ఫారమును పొందిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను. పరరాష్ట్రపు బండికి అచటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. సొంత వాడుక బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు మాత్రమే చెల్లును. పిమ్మట పరీక్ష చేయించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పేరు మార్పు. సొమ్ము చేతులు మారినంతనే పని ముగిసినదని పలువురు తలచుచున్నారు. 29, 30 ఫారములపై ఉభయులు సంతకములు చేసి, కొనినవారు 30 దినములలో పేరు మార్పించుకొనవలెను. బీమా మార్పునకు 14 దినములలో కంపెనీకి దరఖాస్తు చేసికొనవలెను. బండి ఎన్ని చేతులు మారినను, ప్రమాదము జరిగినపుడు నష్టపరిహారమునకు రిజిస్టరులో పేరున్న యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కనుక ఈ జాగ్రత్త కొనినవారికి ఎంత అవసరమో, అమ్మిన మీ గ్రామస్థునికి అంతకు మించి అవసరము. ఎవరో నడిపిన బండి క్రింద ఎవరో పడిన, పూర్వమెపుడో దానిని అమ్మివేసిన రైతు పొలము అమ్ముకొను స్థితి రాకూడదు.

గ్రామమున ఇట్టి బేరము జరిగినపుడు, సొమ్ము ముట్టినదనుటకు మాత్రమే సాక్షి సంతకము చేయక, పేరు మార్పు ముగిసిన పత్రమును కన్నులార చూచు వరకు ఆ బాధ్యత తమదేయని సభ్యులు భావింపవలెనని మా మనవి.