పులికాటు తీరమున ఒక దినము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)

 

చెరువులు, బాటలు, బడులు చర్చింపవలసిన ఈ సభలో పక్షుల ప్రసక్తి ఎందులకని మీలో కొందరికి తోచవచ్చును. ఒకనాటి మా అనుభవమును వినిన పిమ్మట ఆ సంగతి మీరే నిర్ణయింపుడు.

కార్తీక మాసమున ఒకనాడు తెల్లవారకముందే మేము సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట పోవు బాటపై బయలుదేరితిమి. ఆ బాట పులికాటు సరస్సు నడుమనుండి పోవును. సముద్రపు నీరును, ఏటి నీరును కలియు సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మన దేశమున ఇదియే పెద్దది.

ప్రొద్దు పొడువగానే, దూరమున నీటిపై తెల్లని చారవలె ఉన్నది మెల్లగా కదలసాగెను. అవి రాజహంసలు! లోతులేని నీటిలో నిలిచి, వంకర ముక్కులను తలక్రిందుగా ముంచి, నీటిని వడగట్టి నాచును, చిన్న జలజీవులను తినుచుండెను. వాని రెక్కల గులాబీ వన్నె ఆ మేతవలననే కలుగును. ఒడ్డున సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు ఉండెను. వీనిలో పెక్కు సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతముల చలికి తాళలేక వేల మైళ్లు ఎగిరివచ్చునట్టివి.

అచట వల ఆరవేయుచున్న ఒక వృద్ధుడు మమ్ము చూచి, "అయ్యా, పిట్టలను చూసేదానికి వచ్చినారు. మా వల కూడా చూడండి" అనెను. వలలో చేపలు కొద్దిగనే ఉండెను. "పెద్దాయనా, పక్షులు మీ చేపలను తినివేయుచున్నవా?" అని అడిగితిమి. "తింటాయి, తిననీ. ముఖం పూడితే వాటికీ లేదు, మాకూ లేదు" అని అతడు బదులు చెప్పెను.

ఆ మాటలో ఎంతో అర్థమున్నది. రాయదొరువు వద్దనున్న ముఖద్వారము ఇసుకతో పూడినచో సముద్రపు నీరు లోనికి రాదు. చేప, రొయ్య తరుగును. పల్లెవాని వలయు, పక్షి ముక్కును ఒక్కసారిగనే ఖాళీ అగును.

మధ్యాహ్నము నేలపట్టు చేరితిమి. ఇది 1976లో పక్షుల రక్షిత కేంద్రమైనది. చెరువులోని కడప చెట్లపై గూడబాతులు పుల్లలు తెచ్చి గూళ్లు కట్టుచుండెను. మేతకు ఇవి పులికాటుకే పోవును. వాని రెట్ట పడిన చెరువు నీరు పొలమునకు ఎరువుతో సమానము. సమీపమున వెదురుపట్టు గ్రామస్థులు ఇండ్ల నడుమ చెట్లపై గూళ్లు కట్టు కొంగలను తమ అతిథులవలె కాపాడుచున్నారు. అచట పక్షులకు కావలి ఊరి జనులే.

సభ్యులారా! వన్యప్రాణులను వేటాడుట 1972 నాటి చట్టము ప్రకారము నేరము. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయందును ఒక యాజమాన్య సంఘము ఉండవలెనని విధించినది. మీ గ్రామమున ఆ సంఘము పేరునకు మాత్రమే ఉన్నదా, పని చేయుచున్నదా విచారింపుడు. చెరువుగట్టు చెట్లను వేలము వేయుటకు ముందు వానిపై గూళ్లున్నవేమో ఒక్కసారి తలయెత్తి చూడుడు. వేలపు సొమ్ము ఆ యేటితో చెల్లిపోవును. నరికిన చెట్టు మరల గూటికి తగినంత పెరుగుటకు ఎన్నియో ఏండ్లు పట్టును.

పక్షి వచ్చు చోట నీరు బ్రతికియున్నదని గుర్తు. ఆ నీటిని కాపాడు అధికారము కొంతవరకు మీ చేతులలోనే ఉన్నదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.