పాత కారుకు కొత్త రంగు

అంబాసిడరు కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా మామగారు కొన్నదనో, పిల్లల్ని బడికి దింపిందనో అమ్మడానికి మనసొప్పక, గుడ్డ కప్పి ఉంచుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి బండికి ఇంట్లోనే రంగు వేద్దామనుకున్నప్పుడు మనల్ని డబ్బా పట్టుకోమంటారు. సోదరీమణులారా, డబ్బా వాళ్ళనే పట్టుకోమనండి. ఈ పనికి కావలసిన ఓపికా, చేతివాటమూ మన దగ్గర బాగానే ఉన్నాయి.

కారుకు రంగు చిమ్మడం ఆఖరి పని. ముందు తుప్పు సంగతి చూడాలి. రంగు పొంగిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. దిగిపోయిందా, అక్కడ రేకు లేనట్టే. కొత్త రేకు వెల్డింగు చేయించాలి గానీ పుట్టీతో పూడ్చకూడదు. లారీకి ఉన్నట్టు అంబాసిడరుకు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద రేకు పుచ్చితే అది అందానికి సంబంధించిన విషయం కాదు, లోపల కూర్చునేవాళ్ళ ప్రాణాలకు సంబంధించింది.

చిన్న సొట్టలకే పుట్టీ, అదీ పల్చగా. ఆరాక చెక్కముక్కకు ఉప్పు కాగితం చుట్టి రుద్దాలి. పుట్టీ నీళ్ళు పీలుస్తుంది కనుక దాన్ని పొడిగానే రుద్దండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ పొడి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. తరవాత కళ్ళు మూసుకుని, పల్చని నూలుగుడ్డ మీదుగా అరచెయ్యి రాయండి. అలికిన నేలమీద మిట్టాపల్లం తెలిసినట్టే తెలిసిపోతుంది. ఇంకా అనుమానమైతే ప్రైమరు మీద నల్లరంగు మంచులా చిమ్మి, 400 నంబరు వాటర్ పేపరుతో రుద్దండి. నలుపు మిగిలిన చోటల్లా పల్లమే.

స్ప్రే గన్ను రేకుకు జానెడు దూరంలో పట్టాలి. దోసె తిప్పినట్టు మణికట్టు తిప్పకండి, ఇస్త్రీపెట్టె నడిపినట్టు చెయ్యంతా కదలాలి. ప్రతి వరస వెనకటి వరసను సగం కప్పాలి. ముందు ఓ పాత రేకు మీద చెయ్యి అలవాటు చేసుకోండి. ముసురు రోజున మాత్రం వద్దు, గాలిలో తడికి రంగు తెల్లగా పాలిపోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. హార్డెనరు కలిపే రంగుల్లో, ప్రైమర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తరవాత ఏ కాస్త పీల్చినా ఆయాసమే. ముక్కుకు కొంగు కట్టుకుంటే ఆగదు, గుడ్డ మాస్కూ ఆపదు. శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే ముసుగు కావాలి. అది లేకపోతే హార్డెనరు లేని ప్రైమరు వరకు మీరు చేసుకుని, పై పూత షెడ్డువాళ్ళకు వదిలెయ్యండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఏ రంగైనా వంటింటి పక్కన చిమ్మకండి. తిన్నరు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి పొయ్యి దాకా వచ్చేస్తుంది.

అద్దాలకు అంటించిన టేపు మాత్రం ఎండలో రోజుల తరబడి వదలకండి. జిగురు పట్టేస్తే కొబ్బరినూనె రాసి గంటలు గంటలు తుడుస్తూ కూర్చోవాలి.