తెల్లకోటు లేని ఆసుపత్రి

తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. అక్కడ 1986లో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ ‘సెర్చ్’ సంస్థను స్థాపించారు.

ఆసుపత్రికి ఎందుకు రారని అక్కడి గోండు ఆదివాసులనే అడిగారు. తెల్లకోట్లంటే భయమన్నారు వాళ్లు. శవానికి చుట్టేది తెల్లగుడ్డే మరి. వెంట వచ్చే బంధువులు ఎక్కడుండాలి అనీ అడిగారు. ఎంత న్యాయమైన ప్రశ్న! దాంతో వార్డులను గుడిసెల్లా కట్టారు. రోగితోపాటు ఇంటివాళ్లూ అక్కడే ఉండొచ్చు. ఆసుపత్రికి దంతేశ్వరి అమ్మవారి పేరు పెట్టారు.

తర్వాత గ్రామ మహిళలకే శిక్షణ ఇచ్చారు: పసిబిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, జబ్బు లక్షణాలు కనిపెట్టి మందివ్వడం. ఇతర గ్రామాలతో పోలిస్తే ఈ మహిళలు పనిచేసిన గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింతల గడప తొక్కుతున్నది ఈ అనుభవం ఆధారంగానే.