సముద్రము దాటు చలువ



ఆహారమును చెడకుండ దాచుట మన పూర్వు లెఱుగని విద్య కాదు. కూరగాయలను ఎండబెట్టి వరుగులు చేసిరి. ఉప్పును, నూనెయు జేర్చి ఊరగాయలు పెట్టిరి. ధాన్యమున వేపాకును, బూడిదయు గలిపి గుమ్ములు నింపిరి. అయినను ఈ పద్ధతులన్నిటియందును ఒక చిక్కు గలదు. మామిడికాయ ఆవకాయయై ఏడాది నిలుచును గాని, మామిడిపండుగా నిలువదు. పండును పండుగానే కొన్ని వారములు నిలుపవలెనన్న చలువ కావలెను. ఆ చలువ ఓడలనెక్కి సముద్రములను దాటిన వృత్తాంతమును, దానితో నల్లగొండ, పాలమూరు సీమల రైతునకు గల సంబంధమును ఈ పూట మనవి చేసెదను.

మొదట ఓడనెక్కినది చలువ పెట్టిన ఆహారము కాదు, చలువయే. 1833వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను రేవునుండి ఫ్రెడరిక్ ట్యూడరను వర్తకుడు అచ్చటి చెఱువులలో గడ్డకట్టిన మంచును కోయించి, కలకత్తాకు ఓడలో పంపెను. నాలుగు మాసముల ప్రయాణమున కొంత కరగిపోయినను, సగమునకు పైగా మిగిలినది. అట్టి మంచును దాచుటకు చెన్నపట్టణపు సముద్రతీరమున 1842లో కట్టిన ఇల్లు నేటికిని నిలిచియున్నది. దానినే ఇప్పుడు వివేకానంద గృహమందురు.

పిదప యంత్రములు వచ్చినవి. 1882 ఫిబ్రవరి 15వ తేదీన న్యూజీలాండునుండి 'డనీడిన్' అను తెరచాప ఓడ సుమారు 5,000 గొఱ్ఱెల మాంసమును గడ్డకట్టించి లండనునకు బయలుదేరెను. ఉష్ణమండలమున గాలి లేక ఓడ మందగింపగా, సరకుకొట్టులో చల్లగాలి సమముగ వ్యాపింపలేదు. ఓడనాయకుడగు జాన్ విట్సన్ తానే గాలిదారిలోనికి ప్రాకి, మఱికొన్ని రంధ్రములు కోసెను. చలికి కొయ్యబాఱిన యాతనిని తోడివారు త్రాటితో వెలుపలికి లాగి బ్రదికించిరి. 98 దినములకు ఓడ లండను చేరెను. పాఱవేయవలసి వచ్చినది ఒక్క గొఱ్ఱె మాంసము మాత్రమే. ఆ ప్రయాణముతో న్యూజీలాండు దేశపు పశుపాలకుల యదృష్టమే మాఱిపోయెను.

ఈ యంత్రపు మర్మము మన కూజాలోనే యున్నది. మట్టికూజా రంధ్రములనుండి నీరు ఊరి ఆవిరియగునపుడు లోపలి వేడిమిని తీసికొనిపోవును. అందుచే నీరు చల్లబడును. యంత్రమునందును ఇట్లే గొట్టములలోని ద్రవమొకటి ఆవిరియగుచు పెట్టెలోని వేడిమిని పీల్చుకొనును. వెలుపల ఆ యావిరిని ఒత్తి, మరల ద్రవముగ మార్చి, వేడిమిని బయటకు విడిపింతురు. కావున యంత్రము చలువను పుట్టించుట లేదు, వేడిమిని వెడలగొట్టుచున్నది.

నేటి యోడలపై నలుబది యడుగుల పొడవుగల ఇనుప పెట్టెలు వరుసలుగ పేర్చియుండును. చలువ పెట్టెకు దాని యంత్రము దానికే యుండును. ఓడలోని విద్యుత్తుచే అది రేయింబవళ్లు నడచును. చల్లగాలి నేలమట్టమున బయలుదేరి, సరకు సందులగుండ పైకెక్కి, తిరిగి యంత్రమును చేరును. ఒక్క పెట్టెలో సుమారు 20 టన్నుల సరకు పట్టును.

ఈ సరకు రెండు విధములు. గడ్డకట్టించినది యొకటి, చల్లబఱచినది మఱొకటి. మొదటిదానికి పొరుగున ఆంధ్రదేశపు రొయ్యలే సాక్ష్యము. 2009లో 'వన్నామీ' యను విదేశపు రొయ్యను పెంచుటకు మన దేశమున అనుమతి లభించిన పిమ్మట నెల్లూరు, భీమవరము ప్రాంతముల చెఱువుల పంట అమెరికా, చైనా, ఐరోపా దేశములకు విస్తారముగ పోవుచున్నది. రొయ్యను త్వరితముగ గడ్డకట్టింపవలెను. మెల్లగ గడ్డకట్టించినచో లోపలి నీరు పెద్ద స్ఫటికములై కండను చీల్చును. ఆ మీదట సున్నకు దిగువ 18 డిగ్రీలకు చలువ తగ్గకుండ కాపాడినచో నెలల తరబడి చెడదు.

పండు సంగతి వేఱు. కోసిన పిదపను పండు ప్రాణముతోనే యుండును. అది గాలి పీల్చును, వేడిమిని విడుచును. పండిన కాయ యొకటి గంపెడు కాయలను పండించుట మీరెఱిగినదే. అది విడుచు వాయువు మహిమయే దానికి కారణము. పండును గడ్డకట్టించినచో చచ్చును. మామిడికి సుమారు 13 డిగ్రీలకు లోబడిన చలి తగిలినను తోలు నల్లబడి, సరిగ మాగదు. బత్తాయి అంతకంటె ఎక్కువ చలిని ఓర్చును. పండును నిద్రపుచ్చవలెనే గాని చంపరాదు.

ఇక మన సీమకు వత్తము. పూర్వము గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు బాట నల్లగొండసీమ మీదుగ సాగెడిది. ఆ బాటను పోయిన వస్త్రములకు దారిలో క్రుళ్లు భయము లేదు. నేడు మన చేత నున్నవి నల్లగొండ బత్తాయిలు, కొల్లాపురము మామిళ్లు. బోరు వెనుక బోరు త్రవ్వించి, అప్పుచేసి పెంచిన తోటలివి. కాయ యొక్కమాఱుగ కోతకు వచ్చును, బజారు నిండును, ధర పడిపోవును. నిలుపుకొను శక్తి లేని రైతు అడిగినంతకు ఇచ్చివేయును. తరుగు పేరిట మఱికొంత పోవును. కావున మనకు చలువ వేడుక కాదు, బేరమాడు బలము. విమానమున పంపుట త్వరితమే గాని కూలి మిక్కిలి హెచ్చు. చౌకదారి సముద్రమే.

అయితే ఈ దారి తోటలోనే మొదలగునని పెద్దలు గుర్తెఱుగవలెను. ఓడపైని పెట్టె చల్లని సరకును చల్లగా నుంచునే గాని, వేడిసరకును త్వరగా చల్లార్చజాలదు. ఉదయపుచలువలో తొడిమతో కోసి, సొన తగులనీయక, నీడను చేర్చి, ఆలస్యము లేక చల్లబఱచి, చలువలారీలో రేవునకు చేర్చవలెను. ఇది గొలుసు వంటిది. మధ్యాహ్నపుటెండలో కుప్పపోసి యుంచినచో పండు నిలుచు దినములు తగ్గిపోవును. మఱియు చలువ చెడిన కాయను బాగుచేయదు, పురుగుమందును పోగొట్టదు. మితిమీఱిన మందుల జాడ కనబడినచో దూరదేశపు రేవులో సరకంతయు త్రోసివేయుదురు. రొయ్యల వర్తకమున ఇట్టి దెబ్బలు తగిలియున్నవి.

దారిలోని అపాయములను గూడ తలపవలెను. 2021 మార్చిలో 'ఎవర్ గివెన్' అను మహానౌక సూయెజు కాలువకు అడ్డముపడగా ఆఱు దినములు రాకపోకలు నిలిచినవి. 2023 నవంబరునుండి ఎఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు జరుగగా, అనేక నౌకలు ఆఫ్రికాఖండమును చుట్టిపోవలసి వచ్చినది. రొయ్య యాలస్యమును సహించును, మామిడి సహింపదు.

కావున నా మనవి యిది. ఇరువది టన్నుల పెట్టె నొక చిన్నరైతు నింపలేడు. పదిమంది కలసిన నింపగలరు. ఊరిపెద్దలు పూనుకొని రైతులను సంఘముగ చేర్చుడు. మొదట మీ మండలమున కాయను కోసినదినమే చల్లబఱచు గది యొకటి యేర్పడునట్లు యత్నింపుడు. అది యున్నచో ఓడ యెక్కకున్నను, ఉత్తరదేశపు నగరములకు పోవు బత్తాయికే మేలు కలుగును. విదేశపు బేరమని యెవరేని వచ్చినచో, ఓడ ఆలస్యమైన నష్టమెవరిది, సరకు తిరస్కరించిన నెవరు భరింపవలెనను రెండుమాటలు పత్రమున వ్రాయించి, చదివి, పిదపనే వ్రేలుముద్ర వేయనిండు. చదువు వచ్చిన పెద్ద ఊరికి చేయదగిన యుపకారములలో ఇది చిన్నది కాదు.