ముగ్గురాయియు, నేలలోని సూక్ష్మజీవులును

మా బేతంచెర్ల పేరు చెప్పగానే ఎవరికైనను నేలకు పరచు బండలే జ్ఞప్తికి వచ్చును. ఈ కర్నూలు, కడప సీమల గర్భమున మఱియొక రాయి కలదు. దానిని మేము ముగ్గురాయి యందుము; శాస్త్రజ్ఞులు బెరైటీసు అందురు. కడప సీమలోని మంగంపేట గనులు దీనికి లోకప్రసిద్ధములు. ఇది నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది.

ఆ బరువే దీనిని చమురు బావులకు చేర్చుచున్నది. బావి తొలుచునపుడు బంకమన్ను, ముగ్గురాతి పొడి, లవణములు కలిపిన బురదను గొట్టముగుండ లోనికి పంపుదురు. అది తొలుచు మొనను చల్లబఱచును. రాతి తునుకలను పైకి తెచ్చును. లోపలి వాయువును తన బరువుచే అదిమి పట్టును. వాయువు అదుపు తప్పిన నేమగునో 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి చూపినది. అచ్చట బావి రెండు నెలలకు మించి మండెను. కావున ఈ బురద చేయు మేలు స్వల్పము కాదు. పని ముగిసిన పిదప అది ఎచ్చటికి పోవునన్నదే నా ప్రశ్న.

ముగ్గురాయి నీట కరగదు గనుక దానినే విషమనుట న్యాయము కాదు. దానివెంట వచ్చు ఉప్పు, క్షారము, నూనె హాని చేయును. ఆ హాని ముందుగా తగులునది కంటికి కనబడని జీవులకు. మా సీమలో బుడ్డలని పిలుచు వేరుసెనగ మొక్క వేళ్ళపై చిన్న బుడిపెలుండును. వానిలోని రైజోబియమను సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చును. హాలండు దేశీయుడగు బైయెరింక్ 1888లో వీనిని వేఱుపఱచి చూపెను.

బురదలోని సన్నని రేణువులు మట్టి రంధ్రములను పూడ్చి గాలిని ఆపును. ఉప్పు సూక్ష్మజీవుల దేహమునుండి నీటిని లాగివేయును. నూనె కథ విచిత్రమైనది. దానిని తిను సూక్ష్మజీవులును నేలలో కలవు. మేత దొరకగా అవి విపరీతముగా వృద్ధినొందును. నూనెలో కర్బనము మెండు, నత్రజని అత్యల్పము. కావున అవి మట్టిలోని నత్రజనిని లాగుకొనును, పైరు పసుపుబాఱును. అట్టి నేల చచ్చినది కాదు, పంటకు పెట్టుట మానినది.

ఇది మాకు దూరపు వార్త కాదు. బండల కోతలో వచ్చు సున్నపు బురద పొలమున పేరుకొన్నను రంధ్రములు పూడును. పైగా మాది వాన తక్కువ సీమ. చేరిన ఉప్పును కడుగు నీరు లేదు.

నూనె పడిన నేలను దున్ని, గాలి తగులనిచ్చి, పశువుల యెరువును నత్రజనిని వేసినచో, ఆ నూనె తిను జీవులే దానిని క్రమముగా హరించును. ఉప్పును, సీసమువంటి లోహములును అట్లు పోవు. అందుచే బురద గుంటలకు నీరింకని పొర పరచి, పొలములోనికి చుక్కయైన పోనీయకుండుటయే మేలు.

రైతు సోదరులారా, పూతకు వచ్చిన వేరుసెనగ మొక్కనొకదానిని పెరికి, వేరిబుడిపెను గోట చీల్చి చూడుడు. లోపల ఎఱ్ఱదనమున్నచో మీ పనివారు పనిలో నున్నారు. తెల్లగా నున్నచో ఆ మట్టిని పరీక్షకు పంపుడు.