కంపెనీ సుస్థిరత ఖర్చు రైతు నెత్తిన పెడితే ఒప్పుకోం

(గుడివాడ రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



'సస్టెయినబిలిటీ' అనే మాట ఇప్పుడు మన పొలం గట్టు దాకా వచ్చింది. తెలుగులో సుస్థిరత అంటున్నారు. నేల, నీరు చెడకుండా, రేపటి పంటకు లోటు రాకుండా వ్యాపారం చేయడం అని దాని అర్థం. సార్వా కోతకు ముందే వరిలో మినుము చల్లి నేలకు బలం తెచ్చుకునే ప్రాంతం మనది. ఈ పని మనకు ఒకరు నేర్పాల్సింది కాదు.

కంపెనీలకు ఈ శ్రద్ధ ఎందుకు వచ్చిందో చూడాలి. షేర్ మార్కెట్‌లో ఉన్న మొదటి 1000 పెద్ద కంపెనీలు 2022-23 నుంచి ఏటా బి.ఆర్.ఎస్.ఆర్. అనే నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. నీరు, కరెంటు ఎంత వాడారు, వ్యర్థాలు ఏం చేశారు, కార్మికులను ఎలా చూస్తున్నారు అన్నీ అందులో రాయాలి. విదేశీ కొనుగోలుదార్లు కూడా ఇవే అడుగుతున్నారు. మంచిదే, మేం కాదనం. చిన్న ఉత్పత్తిదారుల దగ్గర నేరుగా ఎంత సరుకు కొన్నారో చెప్పే గడి కూడా ఆ నివేదికలో ఉంది. మన సంఘాలు ముందుగా చదవాల్సిన గడి అదే.

ఇంకో సంగతి. కంపెనీకి సరుకు అమ్మేవాళ్ల వివరాలు చెప్పడాన్ని సెబీ ఐచ్ఛికం చేసింది. అదీ మొత్తం కొనుగోళ్లలో ఒక్కొక్కరి వాటా 2 శాతం, ఆపైన ఉంటేనే. కంపెనీ ఏడాదికి 1000 కోట్ల సరుకు కొంటే, 20 కోట్లు అమ్మినవాడే లెక్కలోకి వస్తాడు. మన దివిసీమలో రెండెకరాల రైతు ఎప్పటికి వస్తాడు? నివేదికలో కనపడడు గానీ, షరతులు మాత్రం అతని చెరువు దాకా వస్తాయి.

రొయ్యల సంగతే తీసుకోండి. యాంటీబయాటిక్ ఉండకూడదు, సీడ్ ఎక్కడిదో, మేత ఎంతో రాసి ఉంచాలి అంటారు. తినేవాడి ఆరోగ్యం కోసం అది ఉండాల్సిందే. ఆ పరీక్షల ఖర్చు, రాతకోతల శ్రమ కౌంట్ ధరలో కలిపారా? 2025లో అమెరికా సుంకాలు పెంచగానే ముందు పడిపోయింది చెరువు గట్టు మీది ధరే. చెరువు పక్క వరి రైతును ఎవరూ అడగరు. ఊట ఉప్పు అతని మడిలోకి దిగితే ఆ నష్టం ఏ కంపెనీ ఖాతాలో రాయాలి? తీరప్రాంత రొయ్యల సాగుపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు కూడా ఈ ఉప్పు గొడవే ప్రధానంగా ముందుకొచ్చింది.

ఇప్పుడు వరిలో కార్బన్ క్రెడిట్లు అంటున్నారు. నిలవ నీటిలో మీథేన్ వాయువు పుడుతుంది. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ పెడితే ఆ వాయువు తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. శాస్త్రం సరైనదే. కానీ మడి ఆరబెట్టాలంటే, కావాలన్న రోజున నీరు వస్తుందన్న భరోసా ఉండాలి. పులిగడ్డ అక్విడక్టు దాటి నాగాయలంక, కోడూరు శివారుకు నీరు చేరేసరికి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. పైగా అక్కడ మడి ఆరితే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. గుడివాడ పక్క కుదిరే పద్ధతి దివిసీమ శివారులో కుదరకపోవచ్చు. ఆదా చేసిన వాయువును అమ్ముకునేది కంపెనీ, పంట పోతే మునిగేది రైతు అయితే ఆ ఒప్పందం మాకొద్దు.

ఒప్పందం ఎవరి పేరున రాస్తారన్నది ఇంకా పెద్ద సమస్య. మన ప్రాంతంలో సాగులో ఎక్కువ భాగం కౌలుదార్లదే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం యజమాని సంతకం కావాలంది, అందుకే చాలామందికి కార్డు అందలేదు. నీళ్లలో దిగి గొట్టం చూసేది కౌలుదారు, డబ్బు భూమి పట్టా ఉన్నవాడి ఖాతాలోకి. ఇది జరగనివ్వకూడదు.

రాసి ఉంటే ఏమవుతుందో చెరకు రైతుకు తెలుసు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి తోలినా ఇంకెక్కడికి తోలినా, 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. అమలు కోసం పోట్లాడాల్సి వస్తోంది, నిజమే. పోట్లాడటానికి చేతిలో ఒక కాగితమైనా ఉంది. ధాన్యానికి, రొయ్యకు అలాంటిది లేదు. సుస్థిరత తమ వ్యాపార విధానంలో భాగమని చెప్పే ప్రతి కంపెనీనీ మేం అడిగేది అదే: షరతులు పెట్టండి, వాటి పక్కనే అదనపు ధర రాయండి, డబ్బు ఇచ్చే గడువు రాయండి, దిగుబడి తగ్గితే ఎవరు భరిస్తారో రాయండి, సాగు చేసేవాడి పేరు రాయండి.

నారుమళ్లు పోసేలోగా మీ ఊళ్లో కంపెనీ మనుషులు ఇచ్చిన కాగితాలు ఏవున్నా నకళ్లు సంఘానికి చేర్చండి. తెలుగులో లేని ఒప్పందం మీద ఎవరూ సంతకం చేయొద్దు. ఇప్పటికే చేసినవాళ్లు భయపడకుండా వాటిని కూడా తీసుకురండి, కలిసి చదువుదాం.